పాదాల బండ

బెల్లంపల్లి బొగ్గు బాయికి పోయే తొవ్వ పక్కన ఒక పాత బండ ఉంది. దాని మీద రెండు పాదాలు, అరికాళ్లలో చక్రాలు చెక్కి ఉంటాయి. యాదవ్వకు అది పాదాల మైసమ్మ. బాయిలో పెనిమిటి రాజం షిఫ్టు అయిపోయే వేళకు రోజూ వచ్చి ఆ పాదాలకు పసుపు రాస్తుంది, బొట్టు పెడుతుంది, కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ బాయి దిక్కే చూస్తుంది. ఏటా ఆషాఢంలో కోడిని కోస్తుంది. ఈసారీ కాళ్లు కట్టిన కోడిని చంకన పెట్టుకుని, కత్తి, నీళ్ల చెంబు పట్టుకుని వచ్చింది. అటుగా పోతున్న బడిపంతులు సాంబయ్య ఆగాడు.

"ఇవి బుద్ధుని పాదాలు యాదవ్వా. చీమను గూడ చంపద్దన్న దేవుడాయన."

యాదవ్వ బండ మీద ఎండిన నెత్తురు మరకల దిక్కు చూసింది. "గట్లయితె ఇన్నేండ్ల సంది నేను పోసిన నెత్తురేమాయె సారూ?"

పంతులు తన తొవ్వన వెళ్లిపోయాడు. కోస్తే ఈ బుద్ధునికి కోపం. కోయకపోతే, ఒకవేళ మైసమ్మే అయితే? రాజం ఇంకా బాయి కిందనే ఉన్నాడు. ఆమె కత్తిని కొంగు కింద దాచింది, మళ్లీ తీసింది. చివరకు కోడిని పక్కన పెట్టి, పూజకు తెచ్చిన చెంబెడు నీళ్లతో పాత మరకలు కడిగి, ఆ పాదాలకు తల ఆనించింది.

"నువ్వు ఎవరైతేంది, నా ఇంటాయనను పైకి తోలియ్యి."

సైరన్ మోగింది. షిఫ్టు అయిపోయినవాళ్లు బూట్లు విప్పి చెప్పులతో బయటికి వస్తున్నారు. బొగ్గు పూసుకున్న మొఖాల్లో ఎవరెవరో తెలియదు. ఆమె ఎప్పుడూ కాళ్లే చూస్తుంది. వంకర బొటనవేలు కనబడ్డాక గాని ఊపిరాడలేదు.

"కోడిని కొయ్యలేదేందే?" అన్నాడు రాజం.

"రేపు గూడ బాయి దిగుతవా?" అని అడిగింది యాదవ్వ. కోడి కాళ్ల తాడు మాత్రం విప్పలేదు.