వినడానికి ఎనిమిది వందలు

ఆ ప్లంబరును చుట్టుపక్కల వీధుల్లో అందరూ ఒంటిగుంత అనేవారు. వెనకాల మాత్రమే. ఎదురుగా ఉంటే మేస్త్రీ అనేవారు. గోడ లోపల పైపు కారుతోందంటే మిగతా ప్లంబర్లు చెమ్మ కనబడిన చోటల్లా పగలగొట్టుకుంటూ పోతారు. అతను ఒక్క గుంత కొట్టేవాడు. అందులోనే పైపు కారుతూ కనబడేది.

పద్ధతి పెద్దదేమీ కాదు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయించి, ఫ్యాన్లు ఆపించి, పొడవాటి స్క్రూడ్రైవరు కొనను గోడకు, పిడిని కుడిచెవికి ఆనించుకునేవాడు. అలా జానెడు జానెడు చొప్పున గోడంతా జరిగేవాడు. నీళ్లు కారే చోట సన్నగా సొద వినబడేది. అక్కడ పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టేవాడు.

రేటు చెప్పడంలో అతనికి మొహమాటం లేదు. వచ్చి చూసినందుకు మూడు వందలు. విన్నందుకు ఎనిమిది వందలు. గోడ కొట్టి, పైపు మార్చి, టైల్స్ తిరిగి అతికించినందుకు రెండు వేల ఐదు వందలు. సామాను షాపు బిల్లు ప్రకారం. మిగతావాళ్లు అంతా కలిపి రెండు వేలకే చేస్తామంటున్నారని ఎవరైనా బేరానికి దిగితే, ఆ రెండు వేలకు ఐదు గుంతలు కలపమనేవాడు. గుంతకు మూడు టైల్స్, టైల్స్ వేసేవాడి కూలి, అదే రంగు కోసం షాపుల చుట్టూ తిరిగిన రోజులు కూడా కలిపి, అప్పుడు మాట్లాడమనేవాడు. చాలామంది కలపకుండానే ఒప్పుకునేవారు. పైగా అతను మాట కూడా ఇచ్చేవాడు. మొదటి గుంతలో లీకు దొరక్కపోతే రెండో గుంత ఖర్చంతా తనదే.

ఇరవయ్యారేళ్లు ఆ మాట వల్ల అతనికి పైసా నష్టం రాలేదు. ఆరు నెలల నుంచి మాత్రం అది మెడకు చుట్టుకుంది.

ఎడమచెవి ఎప్పుడో సుత్తి దెబ్బల చప్పుడుకు పోయింది. దాని మీద అతనికి ఆశలేం లేవు. ఇప్పుడు కుడిచెవి కూడా అదే దారి పట్టింది. మూడు ఇళ్లలో రెండో గుంత పడింది. ఒక ఇంట్లో మూడోది కూడా. అన్నిటికీ జేబులోంచే పెట్టుకున్నాడు. గిరాకీ తగ్గిందని భార్యతో అన్నాడు. ఆవిడ సరేనంది. ఈ మధ్య ఆవిడ ఏం చెప్పాలన్నా అతనికి ఎదురుగా వచ్చి నిలబడి చెబుతోంది. వయసు పెరిగే కొద్దీ తన మీద గౌరవం పెరుగుతోందని అతను అనుకున్నాడు.

సంగతి బయటపడితే ఆ ఎనిమిది వందలు ఒక్కటే పోవు, పేరు పోతుంది. అప్పుడు తనూ రెండు వేల ప్లంబరే. నడుము గట్టిగా ఉన్న కుర్రాళ్లతో యాభై నాలుగేళ్ల వయసులో పోటీ పడాలి.

ఇలా ఉండగా టైలరమ్మ కబురు పెట్టింది. ఆమె ఇంటి ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు. వెనక గోడకు అవతల బాత్రూం. గోడకు పట్టిన చెమ్మ, కుట్టడానికి ఇచ్చిన బట్టలు పెట్టే అర దాకా పాకింది. బాత్రూం గోడలకు లేత ఆకుపచ్చ టైల్స్. పన్నెండేళ్ల కిందటివి. ఇప్పుడు ఆ రకం తయారు చేయడం లేదు. మిగిలినవి నాలుగే. వాటిని మెట్ల కింద నుంచి తీసుకొచ్చి, న్యూస్‌పేపరు విప్పి, అతని ముందే లెక్కపెట్టింది.

అతను చెప్పిన రేట్లన్నీ ఆమె కొలతల పుస్తకంలో రాసుకుంది, ఎవరిదో భుజం కొలతకూ చేతి కొలతకూ మధ్య. రాయడం అయ్యాక పెన్ను మూయకుండా అడిగింది.

“రెండో గుంత ఖర్చు మీదన్నారు. బాగానే ఉంది. టైల్ ఎక్కణ్నుంచి తెస్తారు?”

రెండో గుంత పడదులెండి అన్నాడు.

కుళాయిలు కట్టేశారు. ఫ్యాను ఆపారు. టైలరమ్మ మెడలో టేపుతో గుమ్మంలో నిలబడింది. అతను స్క్రూడ్రైవరు గోడకు ఆనించి విన్నాడు. జరిపి విన్నాడు. కింది వరస నుంచి పై వరస దాకా మొత్తం విన్నాడు. తన నాడి కొట్టుకోవడం తప్ప ఏమీ వినబడలేదు.

మిగతా ఇళ్లలో ఇలాంటప్పుడు ఏం చేశాడో ఇక్కడా అదే చేశాడు. చెమ్మ ఎటు నుంచి వచ్చిందో, పైపు ఎక్కడ మలుపు తిరిగి ఉంటుందో ఊహించి, షవరు కుళాయి పైన ఇంటూ పెట్టాడు. ఉలి తీసి టైల్ మీద ఆనించాడు. సుత్తి ఎత్తాడు. న్యూస్‌పేపరు మీద నాలుగు టైల్స్ కనబడుతున్నాయి. సుత్తి దించాడు.

“నాకు వినబడటం లేదమ్మా.”

“నేనేం మాట్లాడలేదే,” అంది టైలరమ్మ.

“మీ మాట కాదు. గోడ.”

తర్వాత అంతా చెప్పాడు. ఆరు నెలల సంగతి, మూడు ఇళ్ల సంగతి, ఆ గుర్తు అంచనాగా పెట్టిన సంగతి. కావాలంటే వేరే మేస్త్రీని పిలుచుకోమన్నాడు, వచ్చి చూసినందుకు కూడా ఏమీ ఇవ్వొద్దన్నాడు. ఆమె కోప్పడలేదు. ఆ చప్పుడు ఎవరికైనా వినబడుతుందా, దానికేమైనా చదువుండాలా అని అడిగింది. చెవులుంటే చాలన్నాడు. స్క్రూడ్రైవరు తీసుకుని ఆమె కూడా ఆనించి చూసింది. కాసేపటికి తిరిగి ఇచ్చేసింది. ముప్పయ్యేళ్లుగా రెండు మిషన్ల మధ్య కూర్చుంటోంది. మిషన్లు ఆపినా ఆమె చెవుల్లో అవి ఆగవట.

ఆమె మూసి ఉన్న లోపలి గది తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించి, “ఈ ఇంట్లో చెవులంటే ఒక్కరివే,” అంది.

“వస్తున్నా,” అని ఆ తలుపు వెనక నుంచి వినబడింది. వినబడిందని టైలరమ్మ అతనికి చెప్పింది.

వచ్చినావిడ ఆమె అత్తగారు. ఎనభై దాటాయి. మోకాళ్లు పనిచేయవు. మిగతావన్నీ పనిచేస్తాయి. ఇరవై రెండేళ్లుగా తను ఫోన్లో పుట్టింటివాళ్లతో మాట్లాడిన ప్రతి ముక్కా ఆవిడకు తెలుసని టైలరమ్మ చెప్పింది, ఈసారి గొంతు తగ్గించకుండా. బాత్రూంలో కుర్చీ వేశారు. ప్లంబరు గోడ మీద స్క్రూడ్రైవరును జరుపుతుంటే, పెద్దావిడ పిడికి చెవి ఆనించి వింది. ఇక్కడేం లేదంది. ఇక్కడా లేదంది. పక్కింట్లో గిన్నెలు తోముతున్నారంది. అతను పెట్టిన గుర్తుకు మూరెడు పక్కన చెయ్యి ఎత్తింది.

“ఆగు నాయనా. ఇక్కడ ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది.”

“ఏమని అత్తయ్యా?”

“నా గురించే.”

మధ్యలో ఆగుతోందా, ఒకే తీరుగా ఉందా అని అడిగాడు ప్లంబరు. ఆ ప్రశ్న చాలా ముఖ్యం, కారే పైపు చప్పుడు మధ్యలో ఆగదు.

“నా గురించైతే ఎందుకాగుతుంది?” అంది పెద్దావిడ.

అతను పాత గుర్తు చెరిపి అక్కడ కొత్తది పెట్టాడు. గుంత కొట్టాడు. మూడు టైల్స్ పోయాయి. వాటి వెనక రెండు పైపులు మలుపు దగ్గర కలిసిన చోట నీళ్లు సన్నటి దారంలా వస్తున్నాయి. పాత గుర్తు దగ్గర కొట్టి ఉంటే పైపు పొడిగా ఉండేది. ఆ సంగతి అక్కడున్న ఇద్దరికీ అర్థమవుతూనే ఉంది. మలుపు ముక్క కొత్తది వేసి మళ్లీ నీళ్లు వదిలేదాకా పెద్దావిడ కుర్చీలోంచి కదలలేదు. మరోసారి చెవి ఆనించి, “మానేశారు,” అంది.

సిమెంటు పూసి, మూడు టైల్స్ అతికించాడు. టైలరమ్మ నాలుగో టైల్‌ను న్యూస్‌పేపరులో చుట్టి పక్కన పెట్టి, కొలతల పుస్తకం తెరిచింది. మూడు వందలు, రెండు వేల ఐదు వందలు, షాపు బిల్లు కలిపింది. ఎనిమిది వందల దగ్గర పెన్ను ఆగింది. అది కొట్టేయమన్నాడు ప్లంబరు.

“కొట్టెయ్యడమెందుకు? విన్నాను కదా,” అంది పెద్దావిడ.

“మన ఇల్లే కదా అత్తయ్యా.”

“ఇల్లు మనదే. చెవి నాది.”

టైలరమ్మ పర్సు తీసి, ఆ ఎనిమిది వందలూ అత్తగారి చేతిలో పెట్టింది. అంతా అయ్యేసరికి ఆ ఇంటికి పడిన ఖర్చు అతను మొదట చెప్పిన దానికి సరిగ్గా సరిపోయింది.

గుమ్మం దాకా వచ్చి, వీధిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారని అడిగింది టైలరమ్మ. అతను సామాను సంచి భుజానికి తగిలించుకుంటూ ఆలోచించాడు.

“ఒక్క గుంతే పడిందని చెప్పండి.”

ఇంటికి వెళ్లి భార్యకు డబ్బిచ్చాడు. ఎనిమిది వందలు ఎందుకు తగ్గాయో, చెవి ఎంతవరకు పోయిందో చెప్పాడు. ఆవిడ డబ్బు డబ్బాలో పెట్టి మూత వేసింది. తనకు ఎప్పట్నుంచో తెలుసంది.

“ఎలా తెలుసు?”

“వంటింట్లో నుంచి మిమ్మల్ని తిడుతుంటాను కదా. అంతకుముందు జవాబు చెప్పేవారు.”

అప్పుడే ఫోను మోగింది. మోగిన సంగతి ఆవిడకే తెలిసింది. తీసి మాట్లాడింది. ఎవరింట్లోనో పడకగది గోడ చెమ్మగిల్లిందట, మేస్త్రీ రేటు అడుగుతున్నారు. రేట్లు ఎప్పటివే చెప్పమన్నాడు అతను. ఇంట్లో బాగా వినబడేవాళ్లు ఎవరైనా ఉంటే ఎనిమిది వందలు తగ్గుతాయని కూడా చెప్పమన్నాడు.

ఆవిడ అతని వంక ఒకసారి చూసింది.

“వినడానికి ఎనిమిది వందలు అవుతుందండీ,” అంది ఫోనులో. “వినడానికి నేనొస్తాను. ఫ్యాన్లు ఆపి ఉంచండి.”

ఫోను పెట్టేసి, అతనికి ఎదురుగా వచ్చి నిలబడి, స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టారని అడిగింది.