తలుపు మీద ఎర్ర తువ్వాలు

కడపలో నవాబుల నాటి హమాం, అంటే వేడినీళ్ల స్నానశాల, ఇంకా నడుస్తోందని కర్నూలులో ఒక మిత్రుడు చెబితే నమ్మలేదు. పాడుబడ్డ గోడ ఏదో చూసొచ్చి గొప్పలు పోతున్నాడనుకున్నాను. సంగతి తేల్చుకుందామని ఒక శుక్రవారం ఉదయం ఆరు గంటల కడప బస్సెక్కాను.

నంద్యాలలో ఇడ్లీ తిని వచ్చేసరికి పక్క సీట్లో బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రీ ఉన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"నీళ్లు పోసుకునేదానికి కడప దాకా పోతాండావా?" అని తన సంచిని కాళ్ల మధ్యకు లాక్కున్నాడు.

పదకొండున్నరకు కడపలో దిగి, ఎర్రకారం దోసె తిని, అడుగుతూ అడుగుతూ ఆ సందు పట్టుకున్నాను. చిన్న గుమ్మటం, వెనక నిజంగానే పొగ. మూసిన తలుపు మీద ఎర్ర తువ్వాలు ఆరేసినట్టుంది. అరుగు మీది ముసలాయన, హమాం చూసుకునే సాయిబు, నన్ను ఆపాడు.

"ఇప్పుడు పోకూడదప్పా."

ఎందుకో చెప్పలేదు. లోపల రాళ్లు పెకలించి అమ్ముకుంటున్నారేమోనని నాకు అనుమానం. మెల్లగా వెనక్కి వెళ్లి, పొయ్యి దగ్గర ఫోను తీసి ఒక ఫోటో కొట్టాను. వెనకే ఆయన నిలబడి ఉన్నాడు.

"తువ్వాలు కనపల్లేదా? అది కట్టినామంటే లోపల ఆడోళ్లుండారని. నా మనవరాలికి కాన్పయి నలభై దినాలు, చిల్లా స్నానం చేపిస్తాండారు. నిన్నెవురు పంపించినారు?"

సిగ్గేసింది. ఫోటోలో గోడ తప్ప ఏమీ లేదని చూపించి, చెరిపేశాను. ఆయన ఫోను తీసుకుని మళ్లీ వెతికాడు. పుస్తకం రాస్తానని ఇంతకుముందొకడు వచ్చి గోడలు కొలుచుకుపోయాడట. ఆ తర్వాత, ఇది పడగొట్టి దుకాణాలు కడతామని మనుషులు రావడం మొదలైందట.

"ఇది పోతే కాన్పైనోళ్లకు ఈ కాక యాడ దొరుకుతాది?" అన్నాడు.

నన్నెవరూ పంపలేదని, తిరిగిన ఊళ్ల సంగతులు రాసుకుంటుంటానని చెప్పాను. నమ్మినట్టు లేదు. అయినా ఆడవాళ్లు వెళ్లిపోయాక తువ్వాలు విప్పి, చెప్పులు విడిచి రమ్మన్నాడు. కింద మంట పోయే రాతినేల పాదాలకు గోరువెచ్చగా తగిలింది. గుమ్మటం కన్నాల్లోంచి వెలుతురు ఆవిరిలోకి దిగుతోంది. ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం నా చేతుల మీంచి చూపు తిప్పలేదు.

"రాసుకోప్పా. సందు పేరు మాత్రం రాయొద్దు," అన్నాడు వెళ్లేటప్పుడు.

సాయంత్రం నాలుగింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. బస్సు వేళలు, దోసెల సంగతి మీకు చెప్పాను. ఆ సందు చెప్పను. మీరు మంచివాళ్లే కావచ్చు. నేనెవరో తెలియకపోయినా ఆయన నాకు తలుపు తీశాడు. మీ విషయంలో నాకా ధైర్యం లేదు.