అంచు పక్కన రెండో గీత

నిన్న సాయంత్రం మా అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు స్టాండు కింద పిల్లలిద్దరూ ఆడుకుంటుంటే, పైన ఎక్కడో ఇనుము కిర్రుమంది. తలెత్తి చూశాను. కొత్తగా వేసిన రంగు మీద, స్టాండు కాలికి రేకును వెల్డింగ్ చేసిన చోట, వెంట్రుకంత చీలిక. దాని వెంట తుప్పు నీరు కారిన చార. పిల్లల చేతులు పట్టుకుని అవతలికి లాగేశాను. వెంటనే రాజ్యలక్ష్మి గారు గుర్తొచ్చారు.

గుంటూరులో మిరప మిల్లులకు యంత్రాలు చేసే చిన్న వర్క్‌షాపులో డ్రాయింగుల విభాగానికి ఆవిడ పెద్ద. నేను ఇంజనీరింగు పూర్తిచేసి అక్కడ చేరాను. కంప్యూటర్లో రేకును వంచడం, విప్పి చదునుగా పరచడం నాకు బాగానే వచ్చు. మిరపకాయలు పోసే తొట్టికి నేను గీసిన మొదటి బొమ్మను చూసి ఆవిడ ఒక పాత పెళ్లిపత్రిక తీశారు. అట్టను పెట్టెలా మడిచి, రెండు అంచులు కలిసే చోట బయటివైపు ఎర్ర పెన్సిలుతో రుద్ది, మళ్లీ విప్పి బల్లమీద పరిచారు. ఎరుపు కనపడకుండా అడుగువైపు ఉండిపోయింది.

"కటింగ్ వాళ్లకి వెళ్లేది ఈ విప్పిన బొమ్మే అమ్మాయ్. అంచు ఏటవాలుగా చెక్కాలని ఇందులో ఎక్కడుంది?"

"మడిచిన బొమ్మలో చూపించాను కదా మేడం."

"అది వాళ్లు చూడరు. నిలువుగా కోసేస్తారు. వెల్డింగ్ లోపలిదాకా దిగక పైపైనే అంటుకుంటుంది. రంగేశాక ఎవరికీ తేడా తెలీదు."

అప్పటినుంచి విప్పిన ప్రతి బొమ్మలోనూ అంచు పక్కన రెండో గీత గీస్తాను. వాలు ఎంతో, ఏ ముఖం పైకి ఉండాలో పక్కనే రాస్తాను.

ఒక మిరప సీజనులో, సత్తెనపల్లి మిల్లుకు చేసే పెద్ద తొట్టి రేకులు తొందరలో నిలువు అంచులతోనే కటింగ్ నుంచి వచ్చేశాయి. ఆవిడ వెల్డింగ్ ఆపించారు. ఓనరు గారు మెట్లమీదనుంచే అరిచారు.

"ఆ గీత లేకపోతే మిరపకాయల కారం తగ్గుద్దా మేడం?"

"కాయలకేం కాదండి. ఆ తొట్టి కింద కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లున్నారు."

ఆయన అంచులన్నీ మళ్లీ చెక్కించారు.

పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు నాకు అన్నిటికీ భయమే. ఆవిడ ఒకరోజు నా పక్కన కూర్చుని, "భయపడితే పడ్డావులే. లోపల దాచుకుంటే ఎవరికి ఉపయోగం? నలుగురికీ కనపడేలా గియ్యి," అన్నారు. ఆవిడ ఇప్పుడు లేరు.

నిన్న అపార్టుమెంటు సెక్రటరీ గారు నవ్వారు. "మొన్నేగా రంగేయించాం. మీరు మరీ కంగారు పడతారమ్మా." లోపల అంచు చెక్కారో లేదో నాకూ తెలియదనే చెప్పాను. తెలిసేదాకా ట్యాంకు ఖాళీగా ఉంచమన్నాను. ఆయన గొణుగుతూనే వాల్వు తిప్పారు. నీళ్లన్నీ పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

ఈ ఉదయం పిల్లల్ని బడికి తీసుకెళ్తూ, స్టాండు చుట్టూ దూరంగా సుద్దముక్కతో గీత గీశాను.

"వెల్డింగ్ ఆయన వచ్చి చూసేదాకా దీన్ని దాటొద్దు," అన్నాను. "చెరిగిపోతే నాకు చెప్పండి. మళ్లీ గీస్తాను."