మూతులు చిట్లిన చేపలు

1938 వానాకాలం. గండిపేట జలాశయం మీద చేపల దరోగాగా ఉన్నాను. కట్ట వెనకాల నీళ్లలో చేపలు పట్టే హక్కును సర్కారు వేలం వేసేది, పాడుకున్నవాడు గుత్తేదారు. అతని చేప ఇంకొకరి బుట్టలో పడకుండా కాపలా కాయడమే నా పని. ఈ ఉద్యోగంలో ఎవరినీ నమ్మకూడదు. గుత్తేదారును అసలే నమ్మకూడదు.

తొలి వరదకు గేట్లు ఎత్తిన మర్నాడు అతను ఒక ముసలామెను చేవెళ్ల కచేరీకి లాక్కొచ్చాడు. వెంట ఆమె వల, నిండు బుట్ట.

"గేట్లకెల్లి నా చేపలు కిందికి జారినయి సాబ్. ఈమె కట్ట కింద నిలబడి ఎత్తుకపోతున్నది. వల జప్తు చెయ్యుండ్రి."

ఆమె పేరు మల్లమ్మ, మొయినాబాద్ దిక్కు బెస్తామె. వల పోతే ఆ ఇంటికి వానాకాలమంతా పస్తే. అయినా నాకు అనుమానం వదల్లేదు.

"అవ్వా, మీ ఊరు కట్టకు ఎగువన గదా. దిగువన నీకేం పని?"

"వానలు పడంగనే చేపలు ఏరెక్కి మా ఊరి దాక వస్తుండె దొరా. కట్ట కట్టినంక వస్తలేవు, ఈడనే ఆగుతున్నయి. గందుకే మేమే ఈడికి వస్తున్నం."

కథ బాగానే అల్లింది అనుకున్నాను. అమాయకంగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు మరీ అనుమానం. బుట్ట బోర్లించాను. అన్నీ మోసు చేపలు, కడుపులు గుడ్లతో ఉబ్బి ఉన్నాయి. పైనుంచి రాళ్ల మీద పడితే ఒళ్లంతా పొలుసులు లేవాలి. ఒళ్లు చెక్కుచెదరలేదు, మూతులు మాత్రం చిట్లి ఉన్నాయి.

"ఆమెనే కొట్టి చంపింది సాబ్!" అన్నాడు గుత్తేదారు. అడగకముందే వచ్చే జవాబు నాకెప్పుడూ నచ్చదు.

ఇద్దరినీ వెంటబెట్టుకుని కట్ట కిందికి వెళ్లాను. నురగలోంచి చేపలు పైకి ఎగురుతున్నాయి, కట్ట గోడకు కొట్టుకుని పడుతున్నాయి, మళ్లీ ఎగురుతున్నాయి. గుడ్లు పెట్టడానికి చేపలు వరదకు ఎదురు ఈదడాన్ని ఎదురెక్కడం అంటారు. మాట తెలుసు గానీ అది గోడ దగ్గర ఇలా ఉంటుందని తెలియదు. చూడలేకపోయాను.

అవి కింది నుంచి వచ్చిన చేపలు. గుత్తేదారు పాడుకున్నది కట్ట వెనకాల నీళ్లనే. ఇక దొంగతనం ఎక్కడిది? వల అక్కడే మల్లమ్మ చేతిలో పెట్టాను.

"నా వల ఇడిపిచ్చినవు, సల్లగుండు. మరి వాటిని ఎవరిడిపిస్తరు దొరా?" అంది.

కొన్నేళ్లకు కట్ట కింద ఎగిరే చేపలు పలచబడ్డాయి, కట్ట వెనకాలా చేప తగ్గింది. చేప తగ్గితే వల ఉన్నవాళ్ల మీద పడటం మా ఉద్యోగాల్లో అలవాటు. ఆ కేసు తర్వాత నా అనుమానం ముందు గోడ మీదికే పోయేది. గుత్తేదారు మాత్రం మారలేదు.

"ఆ ముసల్దే అంత ఊడ్చుకపోయింది సాబ్," అంటూ మళ్లీ వచ్చాడు.

ఆమె పట్టేది ఒక బుట్ట. నేను చేయెత్తి కట్టను చూపించాను.

"దొంగ అదిగో. జప్తు చేద్దామా?"