తల తిరిగిన మనిషి మళ్లీ స్కీలు కట్టిన కథ

రెండేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున్న, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని మా గోదాములో పై అర చూడ్డానికి నిచ్చెన ఎక్కుతున్నాను. నాలుగో మెట్టు మీద ఉండగా గోదాము మొత్తం గిర్రున తిరిగింది. నాలుగో మెట్టు కాబట్టి సరిపోయింది. పద్నాలుగోదయితే ఈ అనుభవం మా ఆవిడ రాయాల్సి వచ్చేది.

కింద కూలబడ్డ నా దగ్గరికి మా స్టోర్‌కీపర్ రాజన్న పరుగెత్తుకొచ్చాడు. నిర్మల్ వైపు మనిషి. "అన్నా, లెవ్వకు, గట్లనే పండుకో. అంబులెన్స్‌కు ఫోన్ చేసిన" అన్నాడు. "ఏం లేదురా, ఎండదెబ్బ" అన్నాను. అంటూనే వాంతి చేసుకున్నాను.

నాది శ్రీకాకుళం జిల్లా. ఇరవై ఏళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగాక దుబాయ్ వచ్చి సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ అయ్యాను. సైన్యంలో ఒంట్లో బాగోలేదని సిక్ రిపోర్ట్‌కి వెళ్లినవాణ్ని పనిదొంగ అని ఏడిపించేవాళ్లం. ఆ బుద్ధి ఇంకా పోలేదు.

హాస్పిటల్లో సీటీ, ఎమ్మారై తీశారు. డాక్టరు నా తల రెండు చేతుల్తో పట్టుకుని చటుక్కున పక్కకి తిప్పి, నా కళ్లనే చూశాడు. "స్ట్రోక్ కాదు. వెస్టిబ్యులర్ న్యూరైటిస్. ఎడమ చెవి లోపల బ్యాలెన్స్ చూసే నరం వాచింది. తల తిరక్కుండా మాత్ర ఇస్తున్నాను, మూడు రోజులే. తర్వాత లేచి తిరగాలి" అన్నాడు. నేను మాత్ర అన్నంతవరకే విన్నాను.

మూడు రోజుల మాత్రలు ఏడు వారాలు మింగాను. అయిపోతే ఊరినుంచి వచ్చేవాళ్ల చేత తెప్పించుకున్నాను. మింగితే హాయిగా ఉండేది, మానితే భయమేసేది. నెత్తిన నీళ్లబిందె ఉన్నట్టు మెడ కదపకుండా నడిచేవాణ్ని. మాల్‌లో ఎస్కలేటర్ దగ్గర మా ఆవిడ సరోజిని నా మోచెయ్యి పట్టుకునేది. ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించేది, వదిలేస్తే పడతానని తెలిసేది. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

కంపెనీ క్లినిక్‌లో కళ్లు మూసుకుని నిలబడమన్నారు. ఎడమకి ఒరిగిపోయాను. ఎత్తు మీద పనిచేసే పాస్ రద్దయింది. "మూడు నెలలు చూస్తాను. అప్పటికీ కాకపోతే ఖలాస్, ఇన్‌స్పెక్టర్‌గా వేరేవాణ్ని పెట్టుకుంటాను" అన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. ఆయన తప్పేం లేదు. నిచ్చెన ఎక్కలేనివాడు నిచ్చెనలెలా తనిఖీ చేస్తాడు?

అప్పుడు ఫిజియోథెరపీకి పంపారు. లిస్సీ అనే మలయాళీ ఆవిడ. హిందీలోనే మాట్లాడుకునేవాళ్లం.

"మాత్ర ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?"

"ఏడు వారాలు."

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. "ఏడు వారాలుగా బ్రెయిన్‌ని జోకొడుతున్నారన్నమాట. ఆ నరం పూర్తిగా బాగవ్వకపోవచ్చు సార్. అది లేకుండా నడపడం బ్రెయినే నేర్చుకోవాలి. తల కదపకపోతే ఎలా నేర్చుకుంటుంది?"

డాక్టరుతో మాట్లాడి మాత్ర మాన్పించింది. గోడ మీద ఒక అక్షరం అంటించి, దాన్నే చూస్తూ తల అటూ ఇటూ ఊపమంది. మొదటి వారం నరకం చూశాను. రెండో వారం వాంతి లేదు. అయిదో వారానికి ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబడ్డాను. బ్యాలెన్స్ కావాల్సిన పని ఏదైనా ఇష్టంగా చేసేవారా అని లిస్సీ అడిగితే, "స్కీయింగ్" అన్నాను. వేళాకోళమనుకుంది. కాదు. కాశ్మీరు పోస్టింగ్‌లో మూడు చలికాలాలు స్కీల మీదే గస్తీ తిరిగాను. పాతికేళ్ల పైమాట.

"అయితే మాల్‌లో స్కీయింగ్ కోసం కట్టిన మంచు కొండ ఉందిగా, వెళ్లండి. కానీ నెమ్మదిగా" అంది.

బయట నలభై నాలుగు డిగ్రీలు, లోపల మైనస్ రెండు. కౌంటర్ దగ్గర ఫారం ఇచ్చారు. నాకప్పుడు యాభై నాలుగు. నలభై ఎనిమిదని రాశాను. అనుభవం దగ్గర ఎక్స్‌పర్ట్ అని టిక్కు పెట్టాను. జబ్బు గడిలో లేదు అన్నాను. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ దావా నేపాలీ, నలభై దాటిన మనిషి. నా గడ్డం దాకా వచ్చే స్కీలు తెచ్చాడు. మధ్యలో సన్నగా, కొసలు వెడల్పుగా ఉన్నాయి.

"ఇవి పిల్లలవి. నేను హవల్దారుగా చేసినవాణ్ని. సైన్యంలో మేం చెయ్యెత్తితే మణికట్టు దాకా వచ్చేవి కట్టేవాళ్లం" అన్నాను.

వాదన పెరిగితే ఉన్నవాట్లో పొడుగువి ఇచ్చాడు. స్కీని బూటుకి పట్టి ఉంచే బిగింపుని ఫారం చూసి గట్టిగా పెట్టాడు. ఎక్స్‌పర్ట్‌కి స్కీ ఊరికే ఊడిపోకూడదు కదా మరి.

పాతపద్ధతిలో రెండు పాదాలూ అతికించి, భుజాలు విసిరి స్కీని తిప్పబోయాను. రెండో మలుపులోనే పడ్డాను. బూటు నుంచి ఊడాల్సిన స్కీ ఊడలేదు, మోకాలు మెలిపడింది. వెల్లకిలా పడి పైకప్పు చూస్తూ ఉన్నాను. మోకాలు భగ్గుమంటోంది, కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. తిరగడం లేదు! పడ్డవాణ్ని పడ్డట్టే ఏడ్చేశాను. దావా దెబ్బ గట్టిగా తగిలిందనుకుని స్ట్రెచర్ కోసం కేకేశాడు.

ఎమ్‌సీఎల్ స్ప్రెయిన్, గ్రేడ్ వన్. అంటే మోకాలి లోపక్క లిగమెంటు కాస్త సాగింది. మూడు వారాలు మోకాలికి బ్రేస్. సరోజిని ఊరుకుంటుందా?

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్నట్టుంది మీ యవ్వారం. కాశ్మీరు ఎప్పుడి మాటండీ? ఆ ఫారంలో అబద్ధాలు ఏటికి రాసినారు?"



బ్రేస్ తీసి, లిస్సీ సరేనన్నాక మళ్లీ వెళ్లాను. ఈసారి ఫారంలో యాభై నాలుగు, మళ్లీ మొదలుపెడుతున్నవాణ్ని, ఎడమ చెవి నరం పాడు, మోకాలు బెణికింది అని మొత్తం రాశాను. దావా చదివి నవ్వాడు. బిగింపు వదులు చేసి, గడ్డం దాకా వచ్చే స్కీలే ఇచ్చాడు.

"హవల్దార్ సాబ్, పాత స్కీలని మనం తిప్పాలి. ఇవి వంచితే వాటికవే తిరుగుతాయి. పాదాలు ఎడంగా పెట్టండి, మోకాళ్లు పక్కకి వాల్చండి. ముందు తల తిప్పి వెళ్లే చోటు చూడండి."

తల తిప్పడమే కదా నాకు గండం! కుడివైపు బాగానే వెళ్లాను. ఎడమ మలుపు దగ్గర మెడ బిగుసుకుంది. పళ్లు బిగబట్టి తిప్పాను. మోకాళ్లు వాల్చాను. స్కీలు మెత్తగా, గీత గీసినట్టు తిరిగాయి. పాతికేళ్ల కిందట అంత చక్కగా తిరగలేదు, నిజం చెప్తున్నా. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ మొండితనం చెప్పినమాట వినడం మీద పెడితే ఇంకా బలం.

మూడో నెల ఆఖరి వారం క్లినిక్‌లో కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఒరగలేదు. పాస్ తిరిగిచ్చారు. మర్నాడే నిచ్చెన ఎక్కి పై అర చూశాను.

ఇప్పటికీ అలసిన రోజున, చీకట్లో, ఎగుడుదిగుడు నేల మీద కాస్త ఎడమకి లాగుతుంది. తెలుసు కాబట్టి గోడవారగా నడుస్తాను. రెండు వారాలకోసారి శనివారం స్కీలు కడతాను. సరోజిని అద్దాల బయట కూర్చుని చాయ్ తాగుతుంది. ఎస్కలేటర్ దగ్గర ఇప్పటికీ నా మోచెయ్యి పట్టుకుంటుంది. ఇప్పుడది నాకు ఇష్టం.

తోటి రోగులకి చెప్పగలిగింది ఒకటే. డాక్టరు గానీ ఫిజియో గానీ కౌంటర్ మనిషి గానీ అడిగితే, ఒకప్పటి మిమ్మల్ని కాదు, ఈవేళ్టి మిమ్మల్ని చెప్పండి. ఎన్ని మాత్రలు మింగుతున్నారో, ఏ పక్కకి ఒరుగుతున్నారో, వయసెంతో.

నాకు యాభై ఆరు.