టార్గెట్టు పైకి రాకముందు

ఈ పొద్దున చర్చి ముందు నుంచి స్కూలుకి వస్తుంటే, పండక్కి కట్టిన రంగు కాగితాల తోరణాలు ఒక్కసారిగా టపటపలాడాయి. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. గాలి ఎడమ నుంచి, బలంగా మొదలై మధ్యలో తగ్గుతోందని లోపల లెక్క కట్టేశాను. వెనక ఆటో అతను హారన్ కొట్టి, "ఏంటి మేడమ్, రోడ్డు మధ్యలో ధ్యానమా?" అన్నాడు. అతనికేం తెలుసు? తిరువూరులో పిల్లల చేత డ్రిల్లు చేయించే ఈ మేడమ్‌కి గాలిని చూడటం నేర్పిన మనిషి ఒకాయన ఉండేవారనీ, ఇప్పుడు లేరనీ.

సాంబశివరావు గారిది వినగడప. మిలిటరీ నుంచి రిటైరయ్యాక రైఫిల్ షూటింగ్ నేర్పేవారు. డిగ్రీలో ఎన్‌సీసీలో చేరినప్పుడు నేను ఆయన చేతిలో పడ్డాను. తుపాకి పట్టడం కంటే ముందు ఆయన నేర్పింది నోరు విప్పడం. మా ఆటలో గుండు పేలగానే దూరంగా టార్గెట్టు గోతిలోకి దిగుతుంది. అక్కడున్నవాళ్లు గుండు తగిలినచోట గుర్తు పెట్టి మళ్లీ పైకెత్తుతారు. ఆ కాస్త సందులోనే, పేలిన క్షణంలో తమ గురి ఎక్కడుందో దాన్నిబట్టి, ఎక్కడ తగిలిందో కాల్చినవాళ్లు చెప్పెయ్యాలి. మొదటిరోజు నేను, "పైకి రానివ్వండి మాస్టారూ, చూసి చెప్తాను" అన్నాను.

"చూసి చెప్పడానికి నువ్వెందుకు అమ్మాయ్? అదెటూ చెబుతుంది. అది పైకి రాకముందే నువ్వు చెప్పు. తప్పు కాల్చినా ఫర్వాలేదు. తెలిసి తప్పు చెప్పావో, రేపట్నుంచి రావద్దు."

నాలుగేళ్లు అలా చెప్పీ చెప్పీ, ఒక చలిదేశానికి వెళ్లే జట్టులో చోటు సంపాదించాను. మాస్టారు ఆ జట్టుకి కోచ్. మా అమ్మ చర్చిలో అందరిచేతా నా పేరు చెప్పి ప్రార్థన చేయించింది. "పతకం లేకుండా వస్తే నా పరువేం కానూ" అని నవ్వుతూనే అంది కానీ, ఆ నవ్వు నాకు అంత దూరమూ బరువుగానే ఉంది.

అక్కడ సముద్రం పక్కనే రేంజి. ఎప్పుడూ ముసురే. జట్టు మొత్తంలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. నా గదిలో అమ్మాయిలు మంచివాళ్లే, కానీ వాళ్లు హిందీలో గలగలా నవ్వుకుంటుంటే ఆ నవ్వెందుకో నాకు అర్థమయ్యేసరికి మాట మారిపోయేది. ఆదివారం అందరూ షాపింగ్‌కి వెళ్లారు. నేను వెళ్లలేదు. మాస్టారు రేంజి షెడ్డు మెట్ల మీద కూర్చుని బ్రెడ్డుకి పండుమిరప పచ్చడి రాస్తున్నారు. ఎదురుగా ఖాళీ మైదానంలో గాలి చూసుకునే జెండాలు ఊగుతున్నాయి.

"ఒంటరిగా అనిపిస్తోందా?" అన్నారు.

"ఏడుపొస్తోందండీ."

"నాకూ అంతే. మా ఆవిడ పోయాక వినగడపలోనూ ఇంతే. అక్కడ చలి లేదు, అంతే తేడా." ఒక ముక్క నా చేతిలో పెట్టారు. ఆ కారానికి ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇక ఏది ఏ ఏడుపో విడదీసే పని తప్పింది.

జట్టు పోటీలో కాల్చేవాళ్లు గాలి సంగతి పట్టించుకోరు. వెనక కుర్చీలో ఒకరు కూర్చుని, టెలిస్కోపులోంచి జెండాలనూ నేల మీది ఆవిరినీ చూసి, గురిని ఎటు ఎంత జరపాలో చెబుతారు. ఆ కుర్చీ మాస్టారిది. పోటీకి ముందురోజు ప్రాక్టీసులో ఆయన చెప్పినట్టే జరిపి కాల్చాను. "మధ్యలో" అన్నాను. టార్గెట్టు పైకొచ్చింది, కుడి అంచున గుర్తు. మళ్లీ "మధ్యలో" అన్నాను, మళ్లీ అంచునే. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారీ అంతే.

మాస్టారు నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. "రూతూ, నిజంగా మధ్యలోనేనా?"

"మధ్యలోనే మాస్టారూ. ఒట్టు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోలేదు. "అయితే గాలి నాకు కనబడటం లేదన్నమాట" అన్నారు మెల్లగా.

సాయంత్రం మేనేజరుతో మాట్లాడి వచ్చి, రేపు కుర్చీలో నువ్వు కూర్చో అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నేను కాల్చడానికి వచ్చానండీ, కూర్చోడానికి కాదు. మా అమ్మకేం చెప్పను?"

"నీకు కోపం వస్తుందని తెలుసు. నీ చోట కాల్చడానికి ఇంకొకరున్నారు. కానీ అందరూ నవ్వుతున్నా కూడా మాట మార్చనిదానివి నువ్వే. గాలి చెప్పేవాళ్లకి కావాల్సింది అదే."

స్నానాల గదిలో కుళాయి తిప్పేసి తనివితీరా ఏడ్చాను. మర్నాడు కూర్చున్నాను. మాస్టారు నా పక్కన ఉండలేదు. "ఉంటే జెండా మానేసి నా మొహం చూస్తావు" అని దూరంగా వెళ్లి నిలబడ్డారు. నా జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. మేం రెండో స్థానంలో వచ్చాం. పతకాలు కాల్చినవాళ్లకే ఇచ్చారు. "ఎన్ని కొట్టావే?" అని ఫోన్లో అమ్మ అడిగితే, "కొట్టలేదమ్మా, కూర్చున్నాను" అన్నాను.

తిరిగొచ్చి కళ్లకి ఆపరేషన్ చేయించుకున్నా, మాస్టారు మళ్లీ ఆ కుర్చీ ఎక్కలేదు. ఆ తర్వాత నేను వినగడప వెళ్లినప్పుడల్లా వసారాలో కూర్చుని, "గాలి ఎటుందే?" అనేవారు. ఎడమ నుంచి అంటే, "ఎంత?" అని అడిగేవారు. అదే మా పలకరింపు.

పోయిన వానాకాలం బెజవాడ ఆస్పత్రిలో ఆయన్ని చూశాను. "రెండ్రోజుల్లో ఇంటికెళ్లిపోదాం నాన్నా" అని కొడుకు గట్టిగా చెప్పి మందులకి బయటికెళ్లాడు. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"అందరూ తగ్గిపోతుందంటున్నారే. నువ్వు చెప్పు. టార్గెట్టు పైకి రాకముందే చెప్పు."

డాక్టరు మాటలు నేనూ విన్నాను. "ఇంటికి రారు మాస్టారూ" అన్నాను.

"ఏడుస్తున్నావా?"

"ఏడుస్తున్నానండీ."

"చక్కగా చెప్పావు" అని కళ్లు మూసుకున్నారు. కొడుకు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆటోకి దారిచ్చి పక్కకి జరిగాను. తోరణాలు ఇంకా కొట్టుకుంటున్నాయి. "ఎడమ నుంచి మాస్టారూ" అన్నాను పైకే. అలవాటు కొద్దీ కాసేపు ఆగాను. ఎంత అని ఎవరూ అడగలేదు.