ఎర్రబల్బు

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో పట్టణపు చేపల బజారులో చేపలమ్మే ఫార్చునాటా కత్తి పట్టేముందు శిలువ గుర్తు వేసుకుంటుంది, అడక్కుండానే మొప్పలెత్తి చూపిస్తుంది. అక్కడ అన్ని బల్లల మీదా ఎర్రబల్బే; దాని కింద నిన్నటి చేపైనా మొప్పలతో సహా తాజాగా నిగనిగలాడుతుంది. చర్చిలో చిన్న వ్యాపారులకు చెప్పే బైబిలు పాఠంలో దొంగ తూకాల సంగతి విన్న మర్నాడే ఆమె ఆ బల్బు విప్పేసి తెల్లది పెట్టింది. సగం చేపలు బూడిదరంగులో తేలాయి. పక్కబల్ల దెల్మా నోరు వెళ్లబెట్టింది.

“మతిపోయిందా అక్కా? ఎవరు కొంటారు ఇక?”

“ఎడమవైపువి ఇవాళ్టివి, కుడివైపువి నిన్నటివి,” అంది ఫార్చునాటా, పదేళ్లుగా తన దగ్గరే కొనే సలూద్‌తో.

సలూద్ కొయ్యబారిపోయింది. “మరి ఇన్నాళ్లూ నాకిచ్చినవి?”

“కొన్ని నిన్నటివే, వదినా.”

సలూద్ రెండువైపులా మార్చి మార్చి చూసింది. తర్వాత కుడివైపు చేపనే ఒకటి తీసి సంచిలో వేసుకుంది. “నిన్నటిదని తెలిసి కొనడం ఇదే మొదలు.”